మెట్ల బొమ్మ, నలభై ఒక్క ఇళ్లు

ఆ సోమవారం ఉదయం పాండిచ్చేరిలో, సారం పేటలో ఉన్న మా ఆఫీసులో బల్ల చుట్టూ ఉన్నవాళ్లు: మా ఫీల్డ్ మేనేజర్ జయశీలన్ సారు, ట్రస్టు తరఫున వచ్చిన డాక్టరమ్మ, నేను. నాతోపాటు సర్వే పని చేసే స్టెల్లా ఇంకా రాలేదు. బల్ల మీద ఉన్నవి: యానాం ఫారాల కట్ట, అరియాంకుప్పం ఫారాల కట్ట, రెండు ప్రాంతాలనూ పక్కపక్కన పెట్టిన పట్టిక మూడు ప్రతులు, పది మెట్ల బొమ్మ అచ్చేసిన అట్ట, సంతకానికి పెన్ను, నాలుగు గ్లాసుల టీ. నాలుగో గ్లాసు స్టెల్లాది. దానికి మూత పెట్టాం.

బల్ల మీద లేనిది ఒకటుంది. సరోజ పెద్దమ్మ ఎడమ కాలు. ఆ కాలికి పుండు ఉన్న సంగతి ఆ గదిలో ఎవరికీ తెలియదు. ఆమె ఇంట్లో అరగంట కూర్చుని టీ తాగి వచ్చిన నాకూ తెలియదు. ప్రతి బుధవారం ఆ పుండు కడిగి కట్టు కట్టేది ట్రస్టు వారి నర్సు వ్యాను. మేం సంతకం పెడితే ఆ వ్యాను అరియాంకుప్పం వదిలి యానాం వెళ్లిపోతుంది.

నా పేరు ఎస్. మురళి. మూలకుళంలో ఉంటాను. పాలిటెక్నిక్‌లో సివిల్ డిప్లొమా చేసి, పదకొండేళ్లు ఇంటింటి సర్వేలు చేశాను. ఇప్పుడు మానేశాను. ముప్పై నాలుగేళ్లవాడు రిటైర్ అయ్యానంటే నవ్వుతారు. ఈ పనిలో మోకాళ్లు మనకన్నా ముందే రిటైర్ అవుతాయని చేసినవాళ్లకు తెలుసు. ఇప్పుడు జయశీలన్ సారు కుర్చీలో స్టెల్లా కూర్చుంటోంది. వచ్చే నెల యానాంలో కొత్తగా చేరే ఆరుగురి కోసం ఏదైనా రాసిమ్మని అడిగింది. ఫారం నింపడం ఎలాగో ట్రైనింగులో చెబుతారు. చెప్పనివి రాస్తాను.

సరోజ అన్నది నేను పెట్టిన పేరు. ఈ సంగతి రాయడానికి ఆమె ఒప్పుకుంది. ఎందుకు ఒప్పుకుందో చివర్లో చెబుతాను.

పని ఏమిటంటే

ట్రస్టుకు ఉన్నది ఒక్కటే వ్యాను, ఒక్కరే నర్సు. ఆ వ్యాను కొన్నేళ్లుగా పాండిచ్చేరిని ఆనుకున్న అరియాంకుప్పంలో మూడు వీధుల మొగలో వారానికోసారి ఆగుతోంది. యానాం నుంచి కూడా ఒక అర్జీ వచ్చింది. రెండూ ఒకే ప్రభుత్వం కింద ఉన్న ప్రాంతాలు. రేషను కార్డు రంగు ఒకటే, పింఛను రూలు ఒకటే. మధ్యలో మాత్రం ఒక రాత్రి రైలు ప్రయాణం, కాకినాడలో దిగాక మళ్లీ బస్సు. ఎక్కడ బతుకు ఎక్కువ కష్టంగా ఉందో కొలిచి చెప్పండి, వ్యాను అక్కడ పెడతాం అన్నారు. అదీ మాకు వచ్చిన పని.

ఫారంలో ముప్పై ఆరు ప్రశ్నలు. నీళ్లు, మరుగుదొడ్డి, బస్సు, ఆసుపత్రి, పని దొరికే రోజులు, ఇంట్లో జబ్బులు, అవసరానికి పిలిస్తే వచ్చే మనిషి. ముప్పై ఏడోది మెట్ల బొమ్మ. కింది మెట్టు అంటే ఇంతకన్నా కష్టం ఉండదనుకునే బతుకు. పై మెట్టు అంటే ఇంకేమీ అక్కర్లేదనుకునే బతుకు. మీరు ఏ మెట్టు మీద ఉన్నారో వేలు పెట్టి చూపించండి అని అడుగుతాం. చదువు రానివాళ్లు కూడా దీనికి తడుముకోకుండా జవాబిస్తారు. ఫారం చివర ఒక గడి ఉంటుంది, పేరు 'పరిశీలన'. దాని సంగతి తర్వాత.

యానాంలో నలభై కుటుంబాలు, అరియాంకుప్పంలో నలభై ఒకటి. ఒకటి ఎక్కువ ఎందుకంటే అక్కడ ఒక కప్పు కింద రెండు పొయ్యిలు వెలుగుతున్నాయి. మా లెక్కలో పొయ్యికో కుటుంబం.

రెండు చోట్లకూ నేనే వెళ్తానని పట్టుబట్టింది నేనే. యానాంలో అందరిదీ తెలుగు. అరియాంకుప్పంలో ఆ మూడు వీధులూ మిల్లులోనూ రేవులోనూ కరెంటాఫీసులోనూ పనిచేసిన పాత తెలుగు కుటుంబాలవి, మా ఇంటిలాంటివే. రెండు గోడలు కొలవాలంటే ఒకే టేపు వాడాలని నాకు నేర్పారు. ఆ మాటే సారుతో అన్నాను. సారు దాన్ని ఇంకొంచెం పెంచి డాక్టరమ్మతో అన్నారు: "మా మురళి వాళ్లలో మనిషే. వాళ్లు అతని దగ్గర ఏదీ దాచరు."

తప్పు ఆ వాక్యంలోనే ఉంది. మూడు నెలల తర్వాత గానీ మాకు కనబడలేదు.

యానాంలో రెండు మెట్లు

యానాంలో నా మొదటి ఇల్లు వెంకటరత్నం గారిది. పడవలు బాగుచేసే వడ్రంగి. వాకిట్లో బల్ల చెక్కుతూ ఉన్నాడు. ఆయన భార్య పక్కన కూర్చుని చేపలు కడుగుతోంది. నేను ఫారం తీసి మొదటి ప్రశ్న అడిగాను.

"నీళ్లు యాడ పట్టుకొంటారు?"

ఆయన ఉలి ఆపాడు. "ఏవండీ, మీది ఏ ఊరండీ?"

"పాండిచ్చేరి. మన ప్రభుత్వమే."

"యాడ అంటున్నాడేంటే ఇతను, చిత్తూరాయనేమో" అన్నాడు భార్యతో.

"ఊరుకోండి. అరవ దేశం నుంచి వచ్చి, పాపం, మన భాష నేర్చుకుని మాట్లాడుతుంటేనూ" అందామె.

"నేర్చుకోలేదమ్మా. ఇంట్లో మాట్లాడేది ఇదే."

"ఇంట్లో మాట్లాడితేనే ఇలా ఉందా!" అని ఆమె నవ్వితే చేతిలో చేప జారి బురదలో పడింది.

ఆ నవ్వుతో పని సులువైంది. నీళ్లు ఎంత దూరమంటే ఆమె "ఇక్కడేనండి" అంది. దగ్గర, దూరం అన్న మాటలు ఫారంలో రాయకూడదని జయశీలన్ సారు మొదటి ఏడాదే నేర్పారు. అందుకని బిందె పట్టుకుని ఆమెతో నడిచాను. వీధి కొళాయి దాకా నూట తొంభై అడుగులు, మధ్యలో ఒక మురుక్కాలవ మీద పలక. ఆమెకు అది దూరం కాదు, రోజూ నడిచేదే. నిండు బిందెతో తిరిగి వస్తూ నేను రెండుసార్లు ఆగాను. ఆమె ఆగలేదు.

జబ్బుల దగ్గరికి వచ్చేసరికి ఆయన ఏదీ దాచలేదు. భార్యకు షుగరు. కాలి వేళ్లకు స్పర్శ తగ్గింది. నెలకోసారి కాకినాడ వెళ్లాలి, ఆ రోజు ఇద్దరి పనీ పోతుంది. చిన్న సంతకానికైనా పెద్దాఫీసు పాండిచ్చేరిలోనే ఉంది.

"మెట్టు చూపించండి" అన్నాను.

"మూడు. కాదు, రెండున్నర. రెండున్నర రాయొచ్చాండీ?"

"అరలు లేవండి."

"అయితే రెండు రాయండి. వరద నెలలో వచ్చుంటే అసలు మెట్టు దగ్గరికే రాకపోదును." మళ్లీ ఉలి పట్టుకుని అడిగాడు: "ఆ వ్యాను మాకొస్తుందా అండీ?"

"నేను అడిగి రాసుకునేవాణ్ణి. ఇచ్చేవాళ్లు వేరే."

"వస్తే వచ్చిందని చెప్పండి. రాకపోయినా చెప్పండి. మా దగ్గర రాసుకుపోయినవాళ్లు మళ్లీ కనబడరండీ."

సరేనన్నాను. ఫోన్ నంబరు రాసుకున్నాను. రూలు ప్రకారం ఇలాంటి మాట ఇవ్వకూడదు. మీరూ ఇవ్వకండి.

నలభై ఇళ్లలోనూ దాదాపు ఇదే తీరు. నేను వాళ్లకు పరాయివాణ్ణి. నాలుగు రోజులుండి పోయేవాణ్ణి. నా మాట వింటే నవ్వొస్తుంది. అలాంటివాడి దగ్గర దాచాల్సిన అవసరం ఎవరికీ కనబడలేదు.

అరియాంకుప్పంలో తొమ్మిది

సరోజ పెద్దమ్మ నన్ను చూడగానే లోపలి నుంచి కుర్చీ తెప్పించింది. ఇంట్లో ఉన్నది అదొక్కటే. స్టీలు గ్లాసులో టీ, పళ్లెంలో మురుకులు వచ్చాయి. పక్కింటామె వచ్చి గుమ్మానికి ఆనుకుని నిలబడింది.

"ఏంది మురళీ, ఈ పక్క దారి తెలిసిందా? అమ్మ బాగుండాదా?"

"బాగుండాది పెద్దమ్మా. ఆఫీసు పని మీద వచ్చినా. కొన్ని ప్రశ్నలు అడగాల."

"అడుగప్పా. మన ఇంట్లో దాచేదానికి ఏముండాది?"

నీళ్లు? ఇరవై నాలుగు గంటలూ. పని? కొడుక్కి నెలంతా. ఆసుపత్రి? ఆటో పిలిస్తే పది నిమిషాలు. ప్రశ్న పూర్తికాక ముందే జవాబు వచ్చేస్తోంది.

"నెలకు మించి ఉండే జబ్బు ఎవరికైనా ఉండాదా? షుగరు, బీపీ?"

"షుగరా! మా వంశంలోనే లేదు. ఏమే కల్యాణీ, ఉండాదా?"

లోపలి గదిలోంచి ఆమె కూతురు కల్యాణి "లేదు" అంది. ఆ ఒక్క జవాబు మాత్రం ఆలస్యంగా వచ్చింది.

"బుధవారం వ్యాను వస్తాది కదా, మీరు పోతారా?"

"ఆ వ్యానా? అది లేనోళ్లకప్పా. మాకు టౌన్లో డాక్టరుండాడు. ఫోన్ చేస్తే చాలు."

గుమ్మం దగ్గర పక్కింటామె గట్టిగా తలూపింది. మెట్ల బొమ్మ చూపించాను.

"తొమ్మిది రాసుకో. పది చెప్తే దిష్టి తగుల్తాది."

తొమ్మిది రాసుకున్నాను. ఇప్పుడు నేను చూసినవి చెబుతాను. ఒకటి, అరగంటసేపూ ఆమె ఎడమ కాలు మడిచిన చాప కింద ఉంది. రెండు, ఇంట్లో డెటాల్ వాసన. మూడు, గుమ్మం పక్కన ఉన్న ఆమె చెప్పుల్లో కుడిది అరిగి పల్చబడింది, ఎడమదాని పట్టీ కోసేసి ఉంది. ఇవన్నీ చూశాను. నా అలవాటే అది, ఏ గదిలోకి వెళ్లినా వస్తువులు లెక్కపెడతాను. కానీ ఫారంలో చెప్పుల ప్రశ్న లేదు. 'పరిశీలన' గడిలో 'ఏమీ లేదు' అని రాసి, చక్కగా సంతకం పెట్టాను.

నలభై ఒక్క ఇళ్లలోనూ కుర్చీ వేశారు. కొన్నిళ్లలో వేసింది ఒకే కుర్చీ. పక్కింటి నుంచి నాకంటే ముందు నడిచి వచ్చేది. అది గౌరవం అనుకున్నాను.

పట్టిక వేస్తే అరియాంకుప్పం యానాం కన్నా ఐదు మెట్లు పైన తేలింది. వ్యాను వాడే ఇళ్లు ఆరే. డాక్టరమ్మకు ఒక్క అనుమానం వచ్చింది: "మా రిజిస్టరులో బుధవారానికి ముప్పై పేర్ల పైనే ఉంటాయే?" బయటి ఊళ్లవాళ్లు కూడా వస్తారేమో అన్నారు సారు. రిజిస్టరులో కొందరు వేరే పేరూ వేరే వీధీ రాయించుకుంటున్నారని అప్పుడు మాకు తోచలేదు.

నాలుగు ఫారాలు

మా పనిలో ఒక మంచి రూలుంది. పది ఇళ్లకు ఒకటి చొప్పున చీటీలు తీసి, ఆ ఇళ్లకు ఇంకొకరు వెళ్లి అవే ప్రశ్నలు మళ్లీ అడగాలి. నా నలభై ఒకటిలో నాలుగు చీటీలు స్టెల్లాకు వచ్చాయి. మధ్యలో ఆమెకు జ్వరం రావడంతో ఆ పని చివరి ఆదివారం దాకా ఆగింది. సోమవారం ఆమె ఆఫీసులోకి వచ్చి, టీ మూత తీయకుండా, నాలుగు ఫారాలు బల్ల మీద పరిచింది. స్టెల్లా మాట్లాడేది తమిళమే. ఆ గదిలో అందరమూ తమిళంలోనే మాట్లాడుకున్నాం. తెలుగులో రాస్తున్నాను.

"మురళీ, నువ్వు వెళ్లింది ఈ ఇళ్లకేనా?"

"అవే నంబర్లు."

"నీవి తొమ్మిది, ఎనిమిది, తొమ్మిది, ఎనిమిది. నావి మూడు, నాలుగు, రెండు, మూడు."

సారు కళ్లద్దాలు సరిచేసుకున్నారు. "నువ్వు ఎలా అడిగావమ్మా? కూర్చుని, నిదానంగా అడిగావా?"

"వాకిట్లో నిలబడి అడిగాను సార్. నాకెవరూ కుర్చీ వేయలేదు."

డాక్టరమ్మ ముందుకు వంగింది. స్టెల్లా పేర్లు చెప్పలేదు, నంబర్లే చెప్పింది. అది నేర్చుకోండి. "పదిహేడో నంబరు ఇంట్లో పెద్దామె ఎడమ కాలికి పుండు ఉంది. చాప తీసి చూపించింది. బుధవారం వ్యానులో కట్టు కట్టించుకుంటుంది. వ్యాను లేకపోతే రెండు బస్సులు మారి పెద్దాసుపత్రికి వెళ్లాలి. ఆ కాలితో బస్సు ఎక్కలేదు. కూతురు పని మానుకుని తీసుకెళ్లాలి. గట్టిగా ఏడ్చింది కూడా."

"మరి మురళికి ఎందుకు చెప్పలేదు?" అని డాక్టరమ్మ అడిగింది.

స్టెల్లా నా వైపు చూసింది. "వాళ్లమ్మకు తెలుస్తుందని."

మా అమ్మ గురించి ఇక్కడ చెప్పాలి. పాండిచ్చేరి చుట్టుపక్కల మా తెలుగు ఇళ్లలో పెళ్లి కుదరాలంటే జాతకం మా అమ్మ సంచిలోంచే వెళ్లాలి. డబ్బు తీసుకోదు. ఏ ఇంట్లో ఎవరికి ఎన్నేళ్లు, ఎవరికి ఏ ఉద్యోగం, ఎవరి వైపు ఏ జబ్బు, అన్నీ ఆమె నోటి మీద ఉంటాయి. కల్యాణి జాతకం అప్పుడు ఆ సంచిలోనే ఉంది. నేను ఆ ఇళ్లలోకి ఫారం పట్టుకుని వెళ్లానని అనుకున్నాను. వాళ్లకు కనబడింది మాత్రం సంచి.

జయశీలన్ సారు చెడ్డమనిషి కాదు. కానీ ఆ ఏడాది మా ఆఫీసుకు ఉన్న పెద్ద పని అదొక్కటే. గొంతు తగ్గించి అన్నారు: "నాలుగు ఇళ్లే కదా. మనుషులు రోజుకో మాట చెబుతారు. మురళీ, నీ ఫారాలు నిజమా కాదా, నువ్వే చెప్పు. నువ్వు నిజమంటే సంతకం పెడతాను."

ఆయన నాకు ఒక తలుపు తెరిచి పెట్టారు. ప్రతి జవాబూ వాళ్లు చెప్పినట్టే రాశాను. ఒక్క అంకె మార్చలేదు. అందుకని 'నిజం' అన్నా అది పూర్తి అబద్ధం కాదు. ఆ మాట నోటి దాకా వచ్చింది. అప్పుడు పట్టీ కోసిన చెప్పు గుర్తొచ్చింది.

"నలభై ఒకటీ తీసేయండి సార్" అన్నాను. "టేపు ఒకటే. కానీ ఒక గోడ దగ్గర సాగింది."

సారుకు అర్థం కాలేదు. డాక్టరమ్మకు అర్థమైంది. గురువారం దాకా గడువిచ్చి పట్టిక ప్రతులు మూడూ తన సంచిలో పెట్టుకుంది. సారు నాతో రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు ఆయనే డాక్టరమ్మకు ఫోన్ చేసి, వాళ్లలో మనిషిని పంపడం తన నిర్ణయమేనని, తప్పు తనదని చెప్పారు. నేను విన్న మేనేజర్ల మాటల్లో అంత పొదుపైనది, అంత మంచిది ఇంకొకటి లేదు.

కప్పు కారే ఇల్లు

ఆ సాయంత్రం మా అమ్మ చిక్కుడుకాయలు తుంచుతోంది.

"ఏంది, ముఖం అట్ట పెట్టుకొన్నావు?"

"అమ్మా, నేను పోయిన ఇళ్ల సంగతులు నీకు ఎప్పుడన్నా చెప్పినానా?"

"నువ్వా? నోట్లో మాటుంటే కదా. అడిగితే నంబరు చెప్తావు." ఒక కాయ పీచు తీసి పక్కన పెట్టింది. "ఆ కప్పు కారే ఇల్లు తప్ప."

"ఏ కప్పు?"

"మరిచిపోయినావా? వానల్లో పోయొచ్చి అన్నం తింటా చెప్పినావు కదా. అరియాంకుప్పంలో ఒక ఇంట్లో వంటింటి నిండా చెంబులు పెట్టుండారు, కప్పు కారతా ఉండాదని. ఎవరిల్లని అడిగితే చెప్పినావు."

నాకు గుర్తులేదు. ఇళ్ల సర్వే చేసిన ఏడాది అయి ఉండాలి. అప్పటికి ఆరేళ్లయింది.

"నువ్వు ఎవరికన్నా చెప్పినావా?"

"ఊరంతా టముకు వేసినానా ఏంది? ఆ ఇంట్లో పెళ్లికుండే పిల్లను, ఆ పొణ్ణును, చూసేదానికి వచ్చినోళ్లు ఇల్లు ఎట్లుండాదని అడిగినారు. తెలిసింది చెప్పినా. అబద్ధం చెప్పమంటావా?"

"తర్వాత?"

"వాళ్లు రాలేదు." కాసేపు కాయలు తుంచి, చూపు ఎత్తకుండా అంది: "ఆ పొణ్ణుకు రెండేళ్లకు కుదిరింది. వేరే వాళ్ల చేత."

మా అమ్మ మీద కోపం వచ్చిందని రాస్తే అది అబద్ధం. ఆమె పని ఆమె చేసింది. నా పని నేను చేయలేదు. ఫారం మొదటి పేజీలో, అన్నిటికన్నా పైన, నేను ప్రతి ఇంట్లోనూ గట్టిగా చదివి వినిపించే వాక్యం ఇది: 'మీరు చెప్పినది ఎవరికీ చెప్పము.' ఆ మూడు వీధుల్లో ఆ వాక్యాన్ని నలభై ఒక్కసార్లు చదివాను. ఆ మాట నమ్మకూడదని వాళ్లందరికీ ఆరేళ్లుగా తెలుసు. తెలియనివాణ్ణి నేనొక్కణ్ణే. ఎవరూ నన్ను నిలదీయలేదు. కుర్చీ వేశారు, టీ ఇచ్చారు, తొమ్మిది రాసుకోమన్నారు.

మళ్లీ

మంగళ, బుధ వారాల్లో స్టెల్లా, ఇంకో ఇద్దరు తమిళ అమ్మాయిలు ఆ ఇళ్లన్నీ తిరిగారు. అక్కడ తెలుగు ఇంట్లో మాట్లాడుకునేదే, బయట అందరిదీ తమిళమే కాబట్టి తమిళంలో అడగడానికి ఇబ్బంది లేదు. నన్ను వీధి మొగకు కూడా రావద్దన్నారు. ఆఫీసులో కూర్చుని వచ్చిన ఫారాలు కంప్యూటర్లో ఎక్కించాను. ఫారాల మీద పేర్లు లేవు. అయినా నంబరు చూస్తే నాకు ఇల్లు కనబడేది. ఒక ఇంట్లో నీళ్లు రోజు విడిచి రోజు. ఒక ఇంట్లో కొడుక్కి నెలలో పన్నెండు రోజులే పని. పద్దెనిమిది ఇళ్లలో షుగరు. వ్యాను వాడే ఇళ్లు ఇరవై ఆరు. ముప్పై నాలుగు ఇళ్లు మెట్లు దిగాయి. మెట్టు దిగడం అంటే అక్కడ ఎవరికో ధైర్యం వచ్చిందని అర్థం.

గురువారం కొత్త పట్టికలో రెండు ప్రాంతాలకూ మధ్య తేడా అర మెట్టు. అంత తేడాకు వ్యాను కదపలేమని డాక్టరమ్మ అంది. వ్యాను అరియాంకుప్పంలోనే ఉండిపోయింది.

ఇచ్చిన మాట ప్రకారం యానాంకు ఫోన్ చేశాను.

"మాకు రాదన్నమాటండీ" అన్నాడు వెంకటరత్నం గారు.

"ఇప్పటికి రాదండి."

"మీరు రాసుకున్నది తప్పా అండీ?"

"మీ దగ్గర రాసింది తప్పు కాదు. మా ఊళ్లో రాసింది తప్పు."

అంతా విన్నాడు. తర్వాత నవ్వాడు. "భలే ఉందండీ. మీవాళ్లు మీకే అబద్ధం చెప్పారు. మేమేమో పరాయివారు కదాని నిజం చెప్పాం. చెప్పి ఏం బావుకున్నామండీ? ఆయ్, ఉంటానండి, బల్ల ఎండకు వంగిపోద్ది."

రెండు ప్రాంతాల్లో ఎక్కడ బతుకు బాగుందని ఇప్పటికీ అడుగుతుంటారు. నా అభిప్రాయం ఇది. యానాంలో నీళ్లు దూరం, ఆసుపత్రి దూరం, సంతకం ఇంకా దూరం. అయినా ఆ ఇళ్లలో కష్టాన్ని వాకిట్లో కూర్చుని చెప్పుకోవచ్చు. అరియాంకుప్పంలో అన్నీ దగ్గర. కష్టం మాత్రం చాప కింద పెట్టుకోవాలి. ఇది ఏ ప్రశ్న కింద రాయాలో నాకు తెలియలేదు. ఆ ఎనభై ఒక్క ఇళ్లు తిరిగిన తర్వాతైనా, నాలుగువేలు తిరిగిన తర్వాతైనా తెలియలేదు. తెలియనప్పుడు దాని చోటు పరిశీలన గడి. మీరు దాన్ని ఖాళీగా ఉంచకండి. చెప్పులైనా రాయండి.

ఇంకొకటి. మీ ఊళ్లో మీరు సర్వే చేయకండి. మీవాళ్లు కదా, దాచరు కదా అని ఏ మేనేజరైనా అంటే ఈ కాగితం చూపించండి.

పని మానేశాక ఒక బుధవారం సరోజ పెద్దమ్మను చూడ్డానికి వెళ్లాను. వ్యాను దగ్గర బెంచీ మీద కూర్చుని ఉంది. ఈసారి కాలు దాచలేదు. పుండు రూపాయి బిళ్లంతకు తగ్గిందని నర్సు చెప్పింది. ఎడమ చెప్పుకు కొత్త పట్టీ ఉంది. నేను నిలబడే మాట్లాడాను.

"నా మీద కోపమా పెద్దమ్మా?"

"కోపమేందప్పా. నువ్వు మంచోడివే. అయితే సాయంత్రమైతే అన్నం తినేదానికి ఇంటికి పోతావు కదా."

కల్యాణి సంబంధం ఏమైందని నేను అడగలేదు. మా అమ్మనూ అడగను. ఈ సంగతి రాయవచ్చా, పేరు మారుస్తాను అన్నాను. ఆమె కాలు బెంచీ మీద సర్దుకుంది.

"రాయి. కొత్తగా వచ్చే పిల్లోళ్లు నీ మాదిరి కుర్చీలో కూచోకూడదు."

నా దగ్గర పదకొండేళ్ల నోటు పుస్తకాలు ఉన్నాయి. రాయడానికి ముందు వాటిని కూడి చూశాను. వెళ్లిన ఇళ్లు నాలుగువేల రెండు వందల పద్దెనిమిది. ఆ ఇంటివాళ్లను అడగకుండా బయట చెప్పినది ఒక ఇల్లు.